పియానో తీగలతో ప్రయోగాలా? ముందు గాలం దారం కొనండి

ఇంట్లో ఉన్న పాత అప్‌రైట్ (తీగలు నిలువుగా ఉండే రకం) పియానో తీగల నుంచి కొత్త రకం శబ్దాలు రాబట్టాలని ఉంది, మధ్యలో స్క్రూలు పెడితే పాడవుతుందా అని అడిగారు. నాదీ అప్‌రైటే. స్క్రూల సంగతి తర్వాత చూద్దాం, ముందు చేపల గాలానికి వాడే నైలాన్ దారం కొనండి.

పెడల్స్ పైన ఉండే పలక సాధారణంగా ఒక స్ప్రింగ్ క్లిప్పు మీద ఆగి ఉంటుంది. దాన్ని తీస్తే రాగి చుట్టిన బేస్ తీగలు ఏటవాలుగా, ముందు వరసలో కనిపిస్తాయి. రెండు మూరల దారాలు నాలుగైదు కలిపి చివర్లు ముడివేయండి. వయొలిన్ వాళ్లు కమానుకు రుద్దే రోజిన్ దానికి బాగా పట్టించండి. వెనక వరస తీగలకు తగలకుండా ఒక లావు తీగ వెనక నుంచి దూర్చండి. ఇంకొకరిని కుడి పెడల్ తొక్కి ఉంచమని, మీరు రెండు చివర్లూ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ లాగండి.

మొదటి పది నిమిషాలూ నాకు గీర గీరమనే చప్పుడే వచ్చింది. చెయ్యి నెమ్మదించాక తీగ పలికింది. మామూలుగా మీట నొక్కితే లోపలి సుత్తి తీగకు తగులుతుంది, పియానో స్వరం ఆ క్షణం నుంచీ తగ్గిపోతూ ఉంటుంది. ఇది లాగుతున్నంతసేపూ నిండుతూనే ఉంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి "తంబురా ఎక్కడిదిరా?" అని అడిగింది. అమెరికాలో స్వరకర్త స్టీఫెన్ స్కాట్ 1977లో ఈ పద్ధతి మీదే ఒక బృందం పెట్టారు. ఒకే గ్రాండ్ పియానో చుట్టూ పదిమంది నిలబడి వాయించేవారు.

ఇంకా సులువైనది, అదే పెడల్ తొక్కి ఉంచి రాగి తీగ పొడవునా గోటిని నెమ్మదిగా జార్చడం. ఎవరో ఏడుస్తున్నట్టు వినిపిస్తుంది. అమెరికన్ స్వరకర్త హెన్రీ కావెల్ 1925లోనే 'ది బాన్షీ' అనే రచన మొత్తం ఇలా తీగల మీదే వాయించేలా రాశారు. చేతులు మాత్రం కడిగి, పూర్తిగా తుడుచుకోండి. మాది సముద్రం పక్క ఊరు. చెమట చేతులతో ముట్టుకున్న చోటల్లా కొన్ని నెలల్లో నల్లటి మచ్చలు పడ్డాయి, ఇప్పటికీ పోలేదు.

ఇక స్క్రూలు. 1940 ప్రాంతంలో సియాటిల్‌లో ఒక నృత్యానికి సంగీతం చేస్తూ, వేదిక మీద తాళవాద్యాలకు చోటు లేక అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ పియానో తీగల మధ్య వస్తువులు పెట్టారు. అది గ్రాండ్ పియానో, తీగలు పడుకుని ఉంటాయి. మనదాంట్లో నిలబడి ఉంటాయి, జారిందేదైనా సుత్తుల మధ్యలో పడుతుంది. నేను ఒకసారి లావు బోల్టు బలవంతంగా దూర్చాను. తీగలు పక్కకు సాగి ఆ స్వరం చెడిపోయింది, పియానో శ్రుతి సరిచేసే ట్యూనర్ కోసం రెండు నెలలు ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత సుత్తులకు పైన, పెన్సిల్ రబ్బరు సన్నగా కోసి మాత్రమే పెడుతున్నాను. ఆ స్వరం చిన్న డప్పు కొట్టినట్టు పొడిగా మోగుతుంది, తీసేస్తే మామూలుగా అయిపోతుంది. తీగల మోతను ఆపే డ్యాంపర్లకు ఉన్న మెత్తటి ఫెల్ట్‌ను మాత్రం ముట్టుకోకండి.

ఒక్కో తీగ దాదాపు 70 కిలోల బిగువులో ఉంటుంది. తుప్పు పట్టిన తీగ తెగితే కళ్లకు ప్రమాదం. అందుకే పలక తీశాక ముందు ఒక ఫోటో పెట్టండి, ఏ తీగలతో మొదలుపెట్టవచ్చో చూసి చెబుతాను.