కలర్‌లో అదిరిన ఫ్రేమ్ బ్లాక్ అండ్ వైట్‌లో ఎందుకు చప్పబడుతుంది?

"కలర్‌లో అదిరిపోయిన ఫొటో బ్లాక్ అండ్ వైట్ చేయగానే చప్పగా అయిపోతోంది. రూల్ ఆఫ్ థర్డ్స్ పాటిస్తూనే ఉన్నాను. ఫ్రేమ్ పెట్టేటప్పుడు ఇంకేం చూసుకోవాలి? ఫిల్టర్లు కొనాలా?" అని కదా మీరు అడిగింది. గుంటూరు వైపు పెళ్లిళ్ల ఫొటోలు తీస్తూ, సీజన్ లేనప్పుడు ఊళ్ల మీద పడి బ్లాక్ అండ్ వైట్ తీసే మనిషిని. నా అనుభవంలోంచి చెబుతాను.

థర్డ్స్ గీతలు, అంటే ఫ్రేమును అడ్డంగానూ నిలువుగానూ మూడేసి భాగాలు చేసే గీతలు, కాసేపు పక్కన పెట్టండి. సబ్జెక్ట్ ఫ్రేములో ఏ మూల ఉందన్నది తర్వాతి సంగతి. దాని వెనక ఏముంది, ఆ వెనకున్నది దీనికంటే తెల్లగా ఉందా నల్లగా ఉందా అన్నది ముందు తేలాలి. పచ్చటి చేలో ఎర్ర చీర కట్టుకున్న మనిషి కలర్‌లో ఎక్కడ నిలబడినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రంగు తీసేస్తే ఆ ఎరుపూ ఆ పచ్చా ఇంచుమించు ఒకే బూడిదరంగులోకి దిగిపోయి, మనిషి కాస్తా చేలో కలిసిపోతుంది. మీ ఫొటోలకు జరుగుతున్నది బహుశా ఇదే. దాన్ని కాంట్రాస్ట్ (తెలుపు నలుపుల మధ్య తేడా) పెంచి సరిచేయాలని చూస్తే నలుపు ఇంకా నలుపై, ముఖాలు బొగ్గుల్లా తయారవుతాయి.

మా వైపు ఫిబ్రవరి, మార్చిల్లో మిరప కల్లాలు చూసే ఉంటారు. ఎండిన కాయల మధ్య ఆడవాళ్లు కూర్చుని తాలు ఏరుతుంటారు. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. కలర్ ఫొటోలో ఎర్రటి రాశి మొత్తం కన్నును మింగేస్తుంది కాబట్టి తాలు ఎవరికీ పట్టదు. బ్లాక్ అండ్ వైట్‌లో కథ తిరగబడుతుంది. ఎడిటింగ్ యాప్‌లో కన్వర్ట్ చేసేటప్పుడు ఒక్కో రంగు ఎంత తెల్లగా రావాలో మార్చే స్లైడర్లుంటాయి. వాటిలో ఎరుపు స్లైడర్ కిందికి లాగి పసుపు కొంచెం పైకి తీస్తే, మిర్చి నల్లటి నేలలా పరుచుకుంటుంది, తాలు కాయలు ఒక్కొక్కటీ తెల్లగా పైకి తేలతాయి. ఏరుతున్న చెయ్యి ఎటు వెళుతోందో, ఎందుకు వెళుతోందో అప్పుడు తెలుస్తుంది. అదే ఎరుపు స్లైడర్ పైకి తీశారనుకోండి, మిర్చీ తాలూ రెండూ లేత బూడిదై ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఫొటోలో ఏం జరుగుతోందో తీసినవాడే చెప్పాలి.

కానీ ఇక్కడ ఒక చిక్కుంది. మన ఒంటి చాయలో ఎరుపు, నారింజ పాళ్లే ఎక్కువ. మిర్చి నల్లబడాలని ఎరుపు తగ్గిస్తే ముఖం కూడా దాంతోపాటే నల్లబడుతుంది. మీరు నిలబడి కిందికి చూస్తూ తీస్తే ఆ ముఖం వెనకాల వచ్చేది మిర్చి రాశే కాబట్టి నలుపు మీద నలుపు, మనిషి గల్లంతు. అదే మీరూ గొంతుక్కూచుని, కెమెరా ఆమె భుజం కంటే కిందికి దించితే ముఖం వెనక ఆకాశం వస్తుంది. మధ్యాహ్నపు ఆకాశం తెల్లగా పేలిపోయి ఉంటుంది కదా, అదే పనికొస్తుంది. ముక్కు, గడ్డం, నుదుటి మీద జారిన కొంగు అన్నీ గీత గీసినట్టు వస్తాయి. చేతులు మాత్రం కింద నల్లటి మిర్చి మీదే ఉంటాయి. చేతికి గాజులుంటే వాటి మెరుపు చాలు. కలర్‌లో అయితే నేను నిలబడే తీస్తాను, రాశి విస్తారం కనపడాలి కాబట్టి. చోటు అదే, మనిషీ ఆవిడే, నేను నిలబడాల్సిన తీరు మాత్రం వేరు. (కల్లంలో షట్టర్ స్పీడు కొంచెం ఎక్కువే పెట్టుకోండి. ఆ మిరప ఘాటుకి తుమ్ము ఎప్పుడొస్తుందో తెలీదు.)

ఫ్రేము అంచులు ఇంకో తలనొప్పి. బ్లాక్ అండ్ వైట్‌లో కన్ను మొదట పరుగెత్తేది బాగా తెల్లగా ఉన్నచోటికి. మూలన చెట్టుకొమ్మల సందులో చిన్న ఆకాశం ముక్కో, ఎవరో పారేసిన తెల్ల కవరో ఉంటే చాలు, మధ్యలో ఎంత మంచి ముఖమున్నా చూపు అక్కడికే పోతుంది. నొక్కేముందు నాలుగు మూలలూ ఒకసారి తిరిగి చూడండి. తీశాక ఫోన్లో ఫొటోను తలకిందులు చేసి చూడటం కూడా మంచి అలవాటు. మనిషని, చెట్టని గుర్తుపట్టే తొందర తగ్గి తెలుపు నలుపు బరువులే కనపడతాయి. చిన్న తెల్లచుక్క పెద్ద నల్లగోడను మోయగలదు. థర్డ్స్ గీతలకు ఈ లెక్క తెలీదు, అందుకే వాటిని పక్కన పెట్టమన్నాను.

పాత ఫొటోలు చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ (1844–1905) తీసిన కట్టడాల ఫొటోలు ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతాయి. ఆ రోజుల్లో వాడిన గాజు ప్లేట్లకు నీలం బాగా తగిలేది, ఎరుపు దాదాపు తగిలేదే కాదు. అందుకే పందొమ్మిదో శతాబ్దపు ఫొటోల్లో ఆకాశం చాలాసార్లు మబ్బు తునక కూడా లేకుండా ఉత్త తెల్ల కాగితంలా ఉంటుంది. అలాంటి ఆకాశం మీద గుమ్మటం, మినారు అంచు ఎక్కడా తెగకుండా రావడమే ఫ్రేముకు ప్రాణం. ఇప్పుడు చార్మినార్ దగ్గర మనకు ఆ భాగ్యం లేదు, వైర్లూ బోర్డులూ అడ్డం. నీలాకాశం ఉన్న రోజు నీలం స్లైడర్ తగ్గించి ఆకాశాన్నే ముదురు చేసేస్తే వైర్లు అందులో కలిసిపోయి, సున్నపు గచ్చు తెల్లగా ముందుకొస్తుంది. మరీ లాగితే మినారు అంచున తెల్లటి గీత, ఆకాశంలో గరుకు కనిపిస్తాయి, చూసుకోండి.

క్రాప్ చేయడం, అంటే తీశాక ఫొటో అంచులు కోసేయడం తప్పంటారు కొందరు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రి కార్టియే బ్రెసాఁ పేరు చెప్పి మరీ అంటారు. ఆయనకు క్రాపంటే గిట్టదన్నది నిజమే. అయితే 1932లో పారిస్‌లో సెంట్ లజార్ స్టేషన్ వెనక నీటిమడుగు మీంచి దూకుతున్న మనిషిని తీసిన ఆయన ఫొటో క్రాప్ చేసిందే. కంచె సందులోంచి తీయడంతో ఎడమపక్క అడ్డం పడింది, అది కోసేశారు. కాబట్టి అంచున తెల్లమచ్చ వస్తే మొహమాటపడకుండా కోసేయండి. కానీ సబ్జెక్ట్ టోన్ (బూడిదరంగు పాలు) వెనకున్నదాంతో కలిసిపోయిందనుకోండి, దాన్ని ఏ క్రాపూ విడదీయలేదు. రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ తీయాల్సిందే.

ఇక ఫిల్టర్ల సంగతి. డిజిటల్‌లో తీస్తుంటే లెన్సు ముందు బిగించే రంగు ఫిల్టర్లు కొనకండి. కెమెరాను మోనోక్రోమ్‌లో పెట్టి, ఫైలు మాత్రం రా (RAW) ప్లస్ జేపెగ్ ఎంచుకోండి. వెనక స్క్రీన్ మీద బ్లాక్ అండ్ వైట్ కనపడుతుంది, రా ఫైలులో రంగులన్నీ అలాగే ఉంటాయి, స్లైడర్లు తర్వాత ఎటైనా జరుపుకోవచ్చు. ఆప్టికల్ వ్యూఫైండర్ (అద్దాల గుండా నేరుగా చూసే కన్నం) ఉన్న కెమెరా అయితే కంటికి రంగులే కనపడతాయి కాబట్టి దృశ్యాన్ని వెనక స్క్రీన్ మీద చూపించే లైవ్ వ్యూ ఆన్ చేసుకోవాలి. ఫోన్లోనూ కెమెరా యాప్‌లో మోనో ఫిల్టర్ పెట్టుకుని ఫ్రేము వెతకండి. ఫిల్మ్ వాడుతుంటే మాత్రం పసుపు ఫిల్టర్ ఒకటి తీసుకోండి. అది దాదాపు ఒక స్టాపు వెలుతురే తింటుంది (ఒక్కో స్టాపుకూ వెలుతురు సగానికి తగ్గుతుంది), ఎరుపైతే మూడు స్టాపుల దాకా తింటుంది. మన ఎండల్లో దానికీ ఇబ్బంది లేదుగానీ, సాయంత్రం బజారులో చేతిలో పట్టుకుని తీయడం కష్టం.