షాకబ్జర్లు కొనే ముందు ఏది పోయిందో చూడు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

బావ, అంటే మీ నాన్న, బుల్లెట్ వెనక భాగం గుంతల్లో ఎగిరెగిరి పడుతోందనీ, మలుపుల్లో అటూ ఇటూ ఊగుతోందనీ, మెకానిక్ కొత్త గ్యాస్ షాకబ్జర్ల జత వేయించమన్నాడనీ అక్క ఫోన్‌లో చెప్పింది. వేయించవద్దని నేను అనను. కానీ ఏ భాగం పోయిందో తేలకుండా జేబులోంచి డబ్బు తీయకు. అక్క చెప్పిన ఆ రెండు లక్షణాలకూ కారణం ఒకటే కాకపోవచ్చు. ఎగరడం షాకబ్జర్ల జబ్బు. ఊగడం మాత్రం చాలా బళ్లలో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేమ్‌కు కలిపి పైకీ కిందకీ కదిలే చేయి) బుష్‌లు, అంటే అది తిరిగే చోట ఉండే గొట్టపు ముక్కలు, అరగడం వల్ల వస్తుంది. ఆ బుష్‌లు పోయిన బండికి ఎంత ఖరీదైన షాకబ్జర్లు బిగించినా మలుపులో ఊగుడు పోదు.

అందుకని మొదట బుష్‌లు చూడు. డబుల్ స్టాండ్ వేసి, ఒక చేత్తో ఫ్రేమ్ పట్టుకుని, రెండో చేత్తో స్వింగ్ ఆర్మ్ వెనక కొసను అడ్డంగా లాగి నెట్టు. టక్కుమని ప్లే (వదులు) తగిలితే బుష్‌లు అరిగినట్టే. స్వింగ్ ఆర్మ్ కదలకుండా చక్రం ఒక్కటే ఊగితే వీల్ బేరింగ్‌లు చూడాలి. టైరులో గాలి, స్పోకుల బిగువు కూడా అప్పుడే చూసేయ్. డబ్బు ఖర్చు కాని పనులివి.

ఇక షాకబ్జర్లు. బయటికి ఒకే వస్తువులా కనిపిస్తుంది గానీ అందులో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. స్ప్రింగ్ బరువు మోస్తుంది. లోపలి డంపర్ ఆ స్ప్రింగ్ ఊపును ఆపుతుంది. ఆఫీసు తలుపులు దభాలున పడకుండా పైన బిగించే హైడ్రాలిక్ క్లోజర్ ఉంటుంది చూడు, డంపర్ పని అదే: సన్నని రంధ్రాల గుండా ఆయిల్‌ను నెట్టి, కదలికను వేడిగా మార్చేయడం. ఇంగ్లండులో 1949లో బుల్లెట్‌కు స్వింగ్ ఆర్మ్, వెనక షాకబ్జర్లు వచ్చేనాటికి చాలా మోటార్ సైకిళ్లకు వెనక స్ప్రింగే ఉండేది కాదు, చక్రం నేరుగా ఫ్రేమ్‌కే. అప్పట్లో అది పెద్ద సంగతి. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్లు కూడా ఆ పద్ధతిలోవే. మీ నాన్న 1976లో ఈ బండి కొన్నప్పుడు వెనక కూర్చుని సికింద్రాబాద్ దాకా వెళ్లాను, ఆ మెత్తదనం నాకింకా గుర్తుంది. బండిని మళ్లీ అక్కడికి తీసుకురావచ్చు.

బండిని స్టాండ్ దింపి నిలబెట్టి, సీటు వెనక రెండు చేతులూ ఆన్చి గట్టిగా నొక్కి వదులు. వెనక భాగం పైకి లేచి మహా అయితే ఒకసారి సర్దుకుని ఆగాలి. రెండు మూడు సార్లు ఊగితే డంపర్ పని చేయడం లేదు. నొక్కినప్పుడు గరగరమంటే కవర్లు రాసుకుంటున్నాయి, లేదా డంపర్‌లోకి దిగే రాడ్ వంగింది. షాకబ్జర్ కింది భాగం నూనె తడితో దుమ్ము పట్టి నల్లగా కనిపిస్తే ఆయిల్ బయటికి రాకుండా రాడ్ చుట్టూ ఉండే ఆయిల్ సీల్ కారుతోంది. పైకీ కిందకీ కదిపినప్పుడు కన్నుల (షాకబ్జర్ రెండు కొసల్లో బోల్టు దూరే రంధ్రాల) దగ్గర టకటకమంటే అక్కడి రబ్బరు బుష్‌లు చచ్చాయి. ఈ చివరిదే అయితే సంతోషించు, రబ్బరు ముక్కల ఖర్చుతో పోతుంది.

విప్పే ముందు రోజు రాత్రే నట్లకు తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలెయ్. దుమ్మంతా కిరోసిన్, బ్రష్‌తో కడుగు. ఒకసారికి ఒక వైపే విప్పు. రెండో షాకబ్జర్ స్థానంలో ఉంటే స్వింగ్ ఆర్మ్ కిందకి జారిపోదు, తిరిగి బిగించడం తేలిక. నట్టు రాకపోతే అది బిగిసే స్టడ్ (మరల కడ్డీ) మీద సుత్తితో కొట్టకు, మరలు పాడైతే స్టడ్ కోసం లేత్ షాపుకి తిరగాలి. వాషర్లు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో ఒక గుడ్డ మీద పరుచు, ఫోటో కూడా తీసుకో.

ఇప్పుడు ముఖ్యమైన మాట. బయటికి తీసిన షాకబ్జర్ స్ప్రింగ్ లోపల నొక్కుడులోనే ఉంటుంది. పాత రకాల్లో చాలావాటికి పైన కవర్ కింద రెండు అర్ధవృత్తపు లాక్ ముక్కలు ఉంటాయి, స్ప్రింగ్‌ను కిందికి నొక్కి పట్టుకుంటేనే అవి బయటికి వస్తాయి. ఇద్దరు కలిసి చేతులతో నొక్కి తీసేవాళ్లను చూశాను, అలా చేయవద్దు. స్ప్రింగ్ జారితే వేళ్లు పోతాయి, ముఖానికి తగులుతుంది. స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న వర్క్‌షాప్‌కి పట్టుకెళ్లి నీ కళ్లముందే విప్పించు. గ్యాస్ నింపిన సీల్డ్ రకాన్ని ఎవరూ విప్పకూడదు, అది పోతే పోయినట్టే.

స్ప్రింగ్ వచ్చాక రెండు వైపుల స్ప్రింగ్‌లనూ పక్కపక్కన నిలబెట్టి ఎత్తు పోల్చు. ఒకటి పొట్టిగా ఉంటే అది కుంగిపోయింది, జతగానే మార్చాలి. ఏ కొస పైకి ఉందో ముందే గుర్తు పెట్టుకో. తర్వాత డంపర్‌ను నిలువుగా పెట్టి రాడ్‌ను నెమ్మదిగా పైకి లాగి కిందికి నెట్టు. లాగేటప్పుడు గట్టిగా, నెట్టేటప్పుడు కొంచెం తేలిగ్గా ఉండాలి. మధ్యలో ఎక్కడైనా ఒక్కసారిగా ఖాళీగా జారితే లోపల ఆయిల్ తగ్గింది లేదా గాలి చేరింది. కొన్నిసార్లు నిలువుగా పెట్టి పది పన్నెండు సార్లు పంపు చేస్తే గాలి పోయి బాగుపడుతుంది. పోకపోతే సీల్ మార్చి ఆయిల్ పోయాలి.

సీల్ సంగతి రాడ్ చెబుతుంది. రాడ్‌ను వెలుతురులో తిప్పి చూడు, గోరుతో గీరి చూడు. క్రోమ్ మీద చిన్న గుంటలు, తుప్పు చుక్కలు గోరుకు తగిలితే కొత్త సీల్ వేసినా కొన్ని నెలల్లోనే కోసేస్తుంది. అలాంటి రాడ్‌ను మళ్లీ హార్డ్ క్రోమ్ చేయించి గ్రైండ్ చేయించాలి. బాలానగర్ వైపు ఆ పని చేసే చిన్న చిన్న యూనిట్లు ఉన్నాయి, అడిగి చూడు. పని జరిగేటప్పుడు రాడ్‌ను పట్టకారుతో పట్టుకోనివ్వకు, వైస్‌లో బిగిస్తే మధ్యలో అల్యూమినియం రేకు పెట్టమను. ఒక్క గీత పడితే మళ్లీ మొదటికే వస్తుంది.

ఆయిల్ విషయంలో మొండిగా ఉండు. ఇంజిన్ ఆయిల్ పోస్తామంటే ఒప్పుకోకు. సస్పెన్షన్ ఆయిలే పోయించు, ఎంత పోయాలో మాన్యువల్‌లోని కొలత చూసే. ఎక్కువ పోస్తే బాగుంటుందని కొందరంటారు, అది తప్పు. రాడ్ లోపలికి దిగినప్పుడు దానికి చోటు కావాలి, ఆయిల్ నొక్కినా కుదించుకోదు, అందుకే కాస్త గాలి చోటు వదలాలి. నిండా పోస్తే రాడ్ దిగక సీల్ బయటికి తన్నుకొస్తుంది. మే నెలలో మన హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటితే ఆయిల్ పలుచబడి వెనక భాగం మెత్తబడుతుంది, దానికి భయపడి మరీ చిక్కని గ్రేడ్ పోయిస్తే డిసెంబరు పొద్దున బండి కర్రలా ఉంటుంది.

రాడ్ వంగినా, డంపర్ గొట్టం సొట్టపోయినా ఇక పాతదాన్ని వదిలేసి కొత్త జత కొను. ఎప్పుడూ జతే, ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే బండి ఒక పక్కకు లాగుతుంది. పుత్లీబౌలిలో టూ వీలర్ స్పేర్ల దుకాణాలు, రాణిగంజ్‌లో బేరింగ్‌లు, నట్లు, పనిముట్లు దొరుకుతాయని నీకు తెలుసు కదా. ‘అన్ని బుల్లెట్లకూ సరిపోతుంది’ అన్న మాటను మాత్రం నమ్మకు. పై కన్ను మధ్య నుంచి కింది కన్ను మధ్యకు కొలత, కన్నుల వెడల్పు, బోల్టు సైజు, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లు. పది పదిహేను మిల్లీమీటర్లు ఎక్కువైతే వెనక భాగం లేచి హ్యాండిల్ తేలికవుతుంది, డబుల్ స్టాండ్ మీద చక్రం నేలను వదలదు. తక్కువైతే పెద్ద గుంతలో టైరు మడ్‌గార్డ్‌కు తగులుతుంది. మా వీధిలో ఒకాయనకు ఒక షాపువాళ్లు ఎత్తుగా కనిపిస్తుందని పొడవైనవి అంటగట్టారు. పాపం, బండిని సైడ్ స్టాండ్ మీద తప్ప నిలపలేక తిప్పలు పడ్డాడు.

బిగించేటప్పుడు రబ్బరు బుష్‌లకు గ్రీజు, పెట్రోలు తగలనివ్వకు, ఉబ్బి పగిలిపోతాయి. సబ్బు నీళ్లు రాస్తే చాలు, మెత్తగా దూరతాయి. నట్లు ముందు చేతి బిగువుగానే ఉంచి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇవ్వు. ఎత్తులో ఉండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగిపోయి తొందరగా చీలుతుంది. తర్వాత చెయిన్ బిగువు చూడు, వెనక ఎత్తు మారితే అదీ మారుతుంది. స్ప్రింగ్ బిగువు మార్చడానికి అడుగున తిప్పే కాలర్ ఉంటే రెండు వైపులా ఒకే గాడిలో ఉంచు, నువ్వొక్కడివే తిరిగితే మెత్తని గాడి చాలు, అక్కను ఎక్కించుకుంటే ఒకటి పెంచు.

టెస్ట్ రైడ్ నెక్లెస్ రోడ్డు మీద చేసి బాగుందని అనుకోవద్దు, అక్కడ ఏ బండైనా బాగానే ఉంటుంది. బేగంపేట ఫ్లైఓవర్ జాయింట్ల మీదుగా వెళ్లు. ప్రతి జాయింట్‌కూ ఒక్క దెబ్బ తగిలి, వెంటనే ఊగుడు ఆగాలి. ఇంటికొచ్చాక రాడ్ల మీద తడి చూడు, వారం తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి చూడు.

పాతవి తుక్కుకు వేయకు, కవర్లు, లాక్ ముక్కలు ఇప్పుడు దొరకడం కష్టం కావచ్చు, ఒక డబ్బాలో పెట్టు. ముందుగా మాత్రం స్వింగ్ ఆర్మ్ ఊపి చూసి, రాడ్ల ఫోటోలు, కన్ను నుంచి కన్నుకు కొలత నాకు వాట్సాప్‌లో పంపు. ఆ రెండూ చూశాకే మెకానిక్‌కు సరే అను.

మీ మామయ్య