అంతా గోలలా వినిపిస్తోందా? గిటార్ని వదిలి సింబల్ పట్టుకోండి

ప్రశ్న: "గందరగోళంగా ఉండే ప్రోగ్రెసివ్ మెటల్ ఆల్బమ్ ఒకటి మొదటిసారి విన్నాను. పది నిమిషాలకే తల దిమ్మెక్కింది. పాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియలేదు. ఇందులో అసలు ఏం వినాలి? నాకు చెవి లేదా?"

చెవికి ఏ లోటూ లేదు. మీరు గిటార్ వెంట పడ్డారు, అంతే. అది అందరికన్నా గట్టిగా, అందరికన్నా ముందు వినిపిస్తుంది కాబట్టి చెవి దాని మీదికే పోతుంది. ఈ తరహా సంగీతంలో వినేవాడి లెక్క తప్పించే పని కూడా ఆ గిటార్‌దే.

స్వీడన్ బ్యాండ్ మెషుగ్గానే తీసుకోండి. వాళ్ల డ్రమ్మర్ తోమాస్ హాకే చాలా పాటల్లో ఒక చేత్తో సింబల్ (డ్రమ్ సెట్‌లోని ఇత్తడి పళ్లెం) మీద బార్‌కి, అంటే తాళం ఒక్క చుట్టుకి, నాలుగు బీట్లూ సమంగా కొడుతూనే ఉంటాడు. స్నేర్, అంటే ఫట్‌మని పగిలే డ్రమ్, ఎక్కువగా మూడో బీట్ మీద పడుతుంది. అంటే అడుగున నడిచేది శుద్ధ మామూలు నాలుగు బీట్ల నడకే. గిటార్లూ కిక్ డ్రమ్మూ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) మాత్రం ఒక జట్టు కట్టి, ఆ నడకలో ఇమడని పొడవున్న రిఫ్‌ని, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరసని, తిప్పుతూ ఉంటాయి. వినేవాడి అవస్థంతా ఈ రెండు జట్ల మధ్య తేడా వల్లే.

లెక్కతో చూద్దాం. బార్‌కి నాలుగు బీట్లు, బీట్‌కి నాలుగు అక్షరాలు, మొత్తం 16. రిఫ్ పొడవు 11 అక్షరాలు అనుకోండి: తకధిమి తకధిమి తకిట. మొదటిసారి రిఫ్, సింబల్ రెండూ కలిసే మొదలవుతాయి. రెండోసారి రిఫ్ మొదలయ్యేది 12వ అక్షరం మీద, అంటే మూడో బీట్ చివరి అక్షరం మీద. ఇక్కడే కాలు తడబడుతుంది. మూడోసారి రెండో బార్‌లో ఏడో అక్షరం మీద, నాలుగోసారి మూడో బార్‌లో రెండో అక్షరం మీద. ఐదోసారి మాత్రం సరిగ్గా మూడో బార్ నాలుగో బీట్ మీదే వచ్చి పడుతుంది. "హమ్మయ్య, దొరికింది" అనిపించేలోపే మళ్లీ జారిపోతుంది. ఇలా ఎనిమిది బార్లు నడిస్తే మొత్తం 128 అక్షరాలు. అందులో 11 అక్షరాల రిఫ్ పదకొండుసార్లు పూర్తిగా పడుతుంది, అంటే 121. మిగిలినవి ఏడు. పన్నెండోసారి రిఫ్ "తకధిమి తకధి" దాకా వచ్చి, "మి" అనకుండానే తెగిపోతుంది. ఆ మరుక్షణం అందరూ కలిసి మొదటి బీట్ మీద దిగుతారు.

కొత్తవాళ్లకి అన్నిటికన్నా అయోమయంగా తోచేది ఆ తెగిన చోటే. లెక్కలో చూస్తే పాట మొత్తంలో మనకి భద్రమైన చోటు కూడా అదే. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఆ ఎనిమిది బార్లు 16 సెకన్లు. ఆ 16 సెకన్ల పాటు సింబల్ని వదలకుండా ఉంటే చాలు, రిఫ్ దానంతట అదే మీ దగ్గరికి వస్తుంది.

(ఇలాంటి పాటల కింద "ఇది 23/16" అని ఒక భిన్నం పడేసి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. రిఫ్ పొడవుని పాట తాళంగా చెప్పడం అది. సింబల్ అక్కడ నాలుగులోనే నడుస్తూ ఉంటుంది. అది చదివి 23 లెక్కపెట్టబోయి వినడమే మానేసినవాళ్ల పాపం ఆ భిన్నం పడేసినవాళ్లదే.)

ఇక చేయాల్సిన పని. ఆల్బమ్ మొత్తం కాదు, ఒక్క పాట తీసుకోండి. కాలితో సింబల్, అరచేత్తో స్నేర్, అంతే. గిటార్ ఏం చేస్తోందో పట్టించుకోవద్దు. కాలుని గిటార్ తన వైపు లాగేసుకుంటుంది, అది మామూలే. కిక్ డ్రమ్ గిటార్‌తో కలిసి కొడుతోంది కదా, ఒంటికి తగిలే దెబ్బ అటు నుంచే వస్తుంది. లాగేసినప్పుడు కంగారుపడి లెక్క మొదటి నుంచి మొదలుపెట్టకండి. తర్వాతి స్నేర్ దాకా ఆగి, దాన్ని "మూడు" అనుకుని మళ్లీ ఎక్కండి. ఇంకో చిక్కుంది. స్నేర్ బార్‌కి ఒక్కసారే పడేచోట దాన్ని "రెండు" అనీ, తర్వాతిదాన్ని "నాలుగు" అనీ అనుకుంటే, ఎనిమిది బార్లు నాలుగయ్యాయని లెక్క వస్తుంది. రిఫ్ తెగే చోటు మీరు అనుకున్నప్పుడు రాలేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

రెండోసారి వినేటప్పుడు ప్లేబ్యాక్ వేగం 0.75కి తగ్గించండి. అంతకన్నా బాగా తగ్గిస్తే కిక్ దెబ్బల అంచులు అలుక్కుపోయి లెక్క మరీ కష్టమవుతుంది. మూడోసారి అసలు వేగంలో, ఈసారి కాలితో ఏమీ కొట్టకుండా వినండి.

దేంట్లో వింటున్నారనేది ప్రశ్నలో రాయలేదు. ఫోన్ స్పీకర్లో అయితే ఆల్బమ్‌ని నిందించి లాభం లేదు. మామూలు గిటార్ అడుగు తీగ 82 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మెషుగ్గా వాడే ఎనిమిది తీగల గిటార్లో అడుగు తీగ 44 హెర్ట్జ్‌కి కాస్త కింద. బేస్ గిటార్ అడుగు తీగ 41 కాబట్టి దాదాపు దాని పొరుగునే. అంత కిందికి ఫోన్ స్పీకర్ దిగలేదు. పై పొరల్లో ఉన్న డిస్టార్షన్ గరగరే మీకు అందుతుంది. కిక్ డ్రమ్‌దీ అదే కథ. గుండెకి తగిలే "ధుమ్" 60, 80 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది, బీటర్ (పెడల్‌కి ఉండే సుత్తి) తగిలే "టిక్" వేల హెర్ట్జ్‌ల్లో ఉంటుంది. కిందిది పోయి పైది మిగిలితే డబుల్ బేస్ డ్రమ్మింగ్ (రెండు కాళ్లతో కిక్ కొట్టడం) టైప్‌రైటర్ మోతలా ఉంటుంది. ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదు, వైర్ ఉన్న మామూలు హెడ్‌ఫోన్ చాలు. బేస్ బూస్ట్ మాత్రం ఆపేయండి. అది పెట్టగానే కిక్కూ అడుగు తీగా ఒకే ముద్దగా కలిసిపోతాయి, ఏ దెబ్బ ఎవరిదో తెలియదు. "రాక్" అని పేరు పెట్టి ఇచ్చే ఈక్వలైజర్ అమరిక ఇంకా ఘోరం. ఎక్కువగా అది మధ్య భాగాన్ని కోసేస్తుంది, గిటార్ స్పష్టతంతా ఉండేది ఆ మధ్యలోనే.

షఫిల్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసే అమరిక) రెండూ ఆపండి. మెషుగ్గా 2005లో తెచ్చిన 'క్యాచ్ థర్టీత్రీ' పేరుకి 13 ట్రాక్‌లు, నిజానికి 47 నిమిషాల ఒకే పాట. క్రాస్‌ఫేడ్ పెట్టి వింటే ప్రతి అతుకు దగ్గరా రెండు లయలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ గందరగోళం బ్యాండ్ చేసింది కాదు, మీ యాప్ చేసింది. అన్నట్టు, ఆ ఆల్బమ్‌లో డ్రమ్స్ మనిషి వాయించినవి కావు, ప్రోగ్రామ్ చేసినవి. డ్రమ్మర్ ఒంటిబలం చూసి మురిసిపోయే వీడియోలకి ఇది రుచించదు గానీ, లయ నేర్చుకునేవాడికి మాత్రం వరమే.

వాల్యూమ్ సంగతి. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు అనేది పని చోట్లకి అమెరికాలో నియోష్ అనే వృత్తి భద్రతా సంస్థ చెప్పే హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంటే. అంటే గంట పొడవు ఆల్బమ్‌ని ఆ మోతలో వింటే ఆ రోజు కోటా అయిపోయినట్టే. పైగా చాలా మెటల్ ఆల్బమ్‌లని మాస్టరింగ్‌లో (విడుదలకి ముందు చేసే చివరి మెరుగులో) గోడలా చదును చేస్తారు. మెత్తని చోటంటూ ఉండదు, చెవికి ఊపిరాడదు. పది నిమిషాలకి తల దిమ్మెక్కడంలో దీని వాటా తక్కువేమీ కాదు. వాల్యూమ్ తగ్గించి, ఇరవై నిమిషాలకోసారి ఆపండి. ఎల్‌పీ రికార్డుల రోజుల్లో రికార్డు పక్క తిప్పడానికి లేవాల్సి వచ్చేది, అది చెవులకి మంచే చేసింది.

సింబల్ సూత్రం అన్ని చోట్లా పనిచేయదు. అమెరికన్ బ్యాండ్ ద డిలింజర్ ఎస్కేప్ ప్లాన్ 1999 ఆల్బమ్ 'క్యాలిక్యులేటింగ్ ఇన్ఫినిటీ' లాంటి వాటిలో అడుగున నాలుగు కూడా స్థిరంగా ఉండదు. తాళం, వేగం రెండూ నిజంగానే మారిపోతూ ఉంటాయి. అక్కడ లెక్కపెట్టకండి, నిశ్శబ్దాలు వినండి. బ్యాండ్ మొత్తం ఒక్కసారిగా ఆగి ఒక్కసారిగా దిగే చోట్లు చెవికి గుర్తుండిపోతాయి. ఆ గుర్తుల మధ్య ఉన్న ముక్కలు తర్వాతి వినికిళ్లలో నెమ్మదిగా నిండుతాయి. ఆల్బమ్ 40 నిమిషాలు కూడా లేదు కాబట్టి ఓపిక సరిపోతుంది.

బిట్వీన్ ద బరీడ్ అండ్ మీ అనే బ్యాండ్ 2007 ఆల్బమ్ 'కలర్స్' ఇంకో రకం. ఎనిమిది ట్రాక్‌లు, 64 నిమిషాలు, డెత్ మెటల్ మధ్యలో అమెరికన్ పల్లెటూరి నాట్యం బాణీ ఊడిపడుతుంది. అక్కడ తికమక పెట్టేది లయ కన్నా శైలి. దాన్ని మాత్రం ముక్కలు చేయకుండా ఒకే బిగిన వినాలి, వాల్యూమ్ ఇంకా తగ్గించి.

అరుపుల గురించి అడగలేదు గానీ, అడుగుతారు. మొదటిసారి ఆ గొంతుని ఇంకో డ్రమ్ అనుకోండి. మెషుగ్గా గాయకుడు యెన్స్ కిడ్‌మన్ గొంతుకి రాగం పని దాదాపు ఉండదు, దెబ్బ పని ఉంటుంది. సాహిత్యం తెర మీద నడుస్తూ ఉంటే కళ్లు చదవడంలో పడతాయి, కాలు ఆగిపోతుంది. మాటలు నాలుగోసారికి దాచుకోండి.

"మొదలుపెట్టడానికి ఏది వినాలి" అనగానే అన్నిటికన్నా కఠినమైనది చేతిలో పెట్టే వీరాభిమానుల మాట వినకండి. మీరు విన్న ఆల్బమ్ పేరు చెప్పలేదు, బహుశా అలా చేతికొచ్చిందే అయి ఉంటుంది. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి, మెషుగ్గా 2002 ఆల్బమ్ 'నథింగ్' తీసుకోండి. వేగం తక్కువ, సింబల్ స్పష్టం, రిఫ్ తెగే చోట్లు కూడా త్వరగా దొరుకుతాయి. మొదటి పాటలో స్నేర్ దొరికే దాకా రెండో పాటకి వెళ్లొద్దు.