గుడ్లు ఆపేసిన బాతుల గురించి మా చెల్లెలి బిడ్డకు

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నీ బాతుల సంగతి చెప్పింది. దసరా దాటినప్పటి నుంచి ఒక్క గుడ్డూ లేదని, ఇంట్లో అందరూ కోసుకుందామంటుంటే నువ్వు మాత్రం వాటితో మళ్లీ పెట్టిస్తానని పట్టుబట్టి కూర్చున్నావని చెప్పింది. హసన్‌పర్తి లాంటి చోట, ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి వెనక జాగలో నువ్వు బాతులు సాదుతున్నావని విన్న రోజే నా కడుపు నిండిపోయింది. మా అమ్మ చేతి పని నాతోనే ఆగిపోతుందనుకున్నాను. కానీ మీ అమ్మ ఆ తర్వాత చెప్పిన మాటలకు బుగులు పుట్టింది. ఫోన్‌లో చెబితే సగం విని సరే సరే అంటావు, అందుకే రాస్తున్నాను.

ముందు అవి నిజంగా ఆపాయో లేదో చూడు. బాతు కోడిలాగా పట్టపగలు పెట్టదు. మబ్బుల మొదలుపెట్టి పొద్దున తొమ్మిది లోపు దాదాపు అన్నీ పెట్టేస్తాయి. నువ్వేమో ఆఫీసు తొందరలో ఆరింటికే గూడు తలుపు తీస్తున్నావట. బయట పొదల్లో, కాలువ గట్టున పెట్టి వస్తే నీకెలా తెలుస్తుంది? ఒక వారం తొమ్మిది దాకా లోపలే ఉంచు. నువ్వు వెళ్లిపోతే మీ అమ్మ తీస్తుంది. ఇంకో పని. సాయంత్రం ఒక్కొక్క బాతును పట్టుకుని, తోక కింద అటూ ఇటూ ఉండే రెండు సన్నని ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూడు. పెట్టే బాతుకు రెండు మూడు వేళ్లు పడతాయి, అక్కడ మెత్తగా ఉంటుంది. ఆపిన దానికి ఒక వేలు కూడా కష్టంగా పడుతుంది, గట్టిగా ఉంటుంది. గూడు వెతకడం కంటే ఈ పరీక్ష నిజం చెబుతుంది. చేతిలో పట్టుకున్నప్పుడు రెక్కల కింద పట్టు, కాళ్లు పట్టి వేలాడదీయకు. బాతు కాళ్లు చాలా సుకుమారం.

వాకిట్లో ఈకలు రాలి పడుతున్నాయా? అయితే అవి ఈకలు మార్చుకుంటున్నాయి. ఈకంతా మాంసకృత్తే, ఆ రెండు నెలలూ తిన్నది ఈకకే పోతుంది, గుడ్డుకు మిగలదు. ఆ సమయంలో తొందరపెట్టకూడదు. ఎవరో చెప్పారని నాలుగు రోజులు తిండీ నీళ్లూ ఆపి ఒకేసారి ఈకలు రాల్పిద్దామని అనుకున్నావట. ఆ మాట ఇంకోసారి నా చెవిన పడితే వచ్చి చెవి మెలిపెడతాను. నోరు లేని జీవాలను పస్తులుంచి గుడ్డు సంపాదించాల్సిన అవసరం మన ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

కొత్త ఈకలు వచ్చాక వెలుగు చూసుకో. పుష్యమాసం వచ్చేసరికి మన దగ్గర పగలు పదకొండు గంటలకు దిగుతుంది. గుడ్లు పెట్టాలంటే బాతుకు పద్నాలుగు నుంచి పదహారు గంటల వెలుగు కావాలి. గూట్లో ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు చాలు. వారానికి అరగంట చొప్పున పెంచు, రోజూ ఒకే వేళకు వెలిగేలా టైమర్ పెట్టుకో. సాయంత్రం వైపు పెంచకు. బల్బు టక్కున ఆరిపోతే చీకట్లో బెదిరి ఒకదాని మీద ఒకటి పడి తొక్కుకుంటాయి. తెల్లవారుజామున వెలిగిస్తే పొద్దు దానంతటదే అందుకుంటుంది.

ఇక నాకు నిద్ర పట్టకుండా చేసిన సంగతి. పక్క ఊరి రైతు దగ్గర వానకు తడిసిన మక్కలు రెండు బస్తాలు సగం ధరకు తెచ్చావట. కడిగి ఎండబోస్తే సరిపోతుందని మీ అమ్మతో అన్నావట.

మా అత్తగారి ఊరు నర్సంపేట వైపు అని నీకు తెలుసు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక ఏడు మక్క కంకులు కల్లంలో ఉండగానే ముసురు పట్టింది. ఒలిచేసరికి కొన్ని గింజలు మొన దగ్గర పచ్చగా, బూడిద రంగుగా బూజు పట్టాయి. మంచివి ఏరి ఏనుమాముల మార్కెట్‌కు తోలారు. మిగిలినవి పారేయడానికి మా మామకు చెయ్యి రాలేదు. కరువు చూసిన మనిషి, గింజ కింద పడితే ఏరి కళ్లకద్దుకునేవాడు. ఆ మక్కలు కడిగించి, బండ మీద నాలుగు ఎండలు తగలనిచ్చి, పిండి పట్టించాడు. బూజు వాసన కూడా పోయింది. తవుడులో కలిపి కోళ్లకూ బాతులకూ వేయమన్నాడు.

ముందు గుడ్లు తగ్గాయి. చలికి తగ్గాయనుకున్నారు మా అత్త. ఇంకొంచెం తిండి పడితే పెడతాయని అదే పిండి ఇంకొంచెం ఎక్కువ వేశారు. తర్వాత బాతులు మూతి పెట్టి వదిలేయడం మొదలుపెట్టాయి. నడకలో తూలేవి. కొన్ని మెడ వెనక్కి విరుచుకుని, పడి కొట్టుకుని చచ్చిపోయాయి. పక్కనే అదే పిండి తిన్న కోళ్లు మాత్రం వాకిట్లో తిరుగుతూనే ఉన్నాయి. అందుకే తిండి మీద ఎవరికీ అనుమానం రాలేదు. దిష్టి అన్నారు, గూటికి నిమ్మకాయలు కట్టారు. చివరికి మీ పెద్దబాపు చచ్చిన బాతునొకదాన్ని గంపలో పెట్టుకుని పశువుల డాక్టర్ దగ్గరికి పోయాడు. ఆయన కోసి చూస్తే కాలేయం పాలిపోయి, పసుపు పచ్చగా ఉబ్బి ఉంది. "మక్కలు ఎక్కడివి?" అని అడిగాడట. మందు సంగతి తర్వాత అన్నాడట.

ఆ బూజు గింజలోకి ఒక విషం వదులుతుంది, అఫ్లాటాక్సిన్ అంటారు. బూజును కడిగినా విషం గింజలోనే ఉంటుంది. ఎండకు పోదు, ఉడకబెట్టినా పోదు. కోళ్లు కొంత తట్టుకుంటాయి. బాతులు అసలు తట్టుకోలేవు. 1960లో ఇంగ్లాండ్‌లో వేరుశనగ పిండి కలిపిన దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాకే ఈ విషాన్ని కనిపెట్టారని ఆ డాక్టర్ చెప్పాడు. బాతు పిల్లలు దీనికి ఎంత తొందరగా లొంగుతాయంటే, దాణాలో విషం ఉందో లేదో తేల్చడానికి అప్పట్లో ఒక రోజు పిల్లలకే తినిపించి చూసేవాళ్లట. ఆ మాట విని నేను ఆ పూట అన్నం తినలేకపోయాను.

మా మామ ఆ మిగిలిన పిండిని ఎవరినీ ముట్టనివ్వకుండా తానే ఊరి బయట గుంత తీసి పూడ్చాడు. ఆయన్ని నేనెన్నడూ తప్పు పట్టలేదు. ఆ కాలంలో ఎవరికి తెలుసు? నీకు మాత్రం తెలిసేలా చెప్పడానికి నేనున్నాను.

కాబట్టి బిడ్డా, ఆ రెండు బస్తాలు బాతులకే కాదు, కోళ్లకూ వేయకు, పక్కింటి బర్రెకూ ఇవ్వకు. బర్రె తింటే ఆ విషం పాలలోకి దిగుతుంది, పాలు తాగేది పిల్లలు. లోతుగా గుంత తీసి పూడ్చేయి. డబ్బు పోయిందని బాధపడకు, ఎంతయిందో చెబితే నేను పంపిస్తాను. ఇక ముందు మక్కలు కొంటే పంటి కింద టక్కుమని విరిగేవే కొను. తేమ పద్నాలుగు శాతం దాటకూడదు. నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకుని, గోడకు ఆనకుండా చెక్కల మీద పెట్టు.

అసలు ఒట్టి మక్కలు, నూకలు పెడితే బాతు కొవ్వెక్కుతుంది, గుడ్డు పెట్టదు. మక్కల్లో మాంసకృత్తులు తొమ్మిది శాతం చుట్టూనే ఉంటాయి, పెట్టే బాతుకు పదహారు, పద్దెనిమిది కావాలి. గుడ్లు పెట్టే వాటికని అమ్మే లేయర్ దాణా కొను, నూకలు పైపైకి వెయ్యి. షెల్ గ్రిట్, అంటే గుడ్డు పెంకు కోసం వేసే గవ్వల నూక, వేరే చిప్పలో పెట్టు, ఎంత కావాలో అదే తింటుంది. గోలెంలో నీళ్లు తల మునిగేంత ఉండాలి, నీళ్లు లేకుండా తిండి వేయకు. మా అమ్మ చెరువు నత్తలు ఏరుకొచ్చి వేసేది, నువ్వు మాత్రం పొలాల వైపు పోకు. యాసంగి నాట్లకు పురుగుమందు గుళికలు చల్లుతారు, ఆ మడి నీళ్లు తాగితే బాతులు ఇంటికి రావు.

మగబాతులు ఎక్కువున్నాయేమో చూడు. ఐదారు ఆడవాటికి ఒకటి చాలు. గుడ్ల కోసమే అయితే ఒక్కటీ అక్కర్లేదు. ఎక్కువైతే ఆడవాటి మెడల మీద ఈకలు పీకేస్తాయి, వాటికి స్థిమితం ఉండదు. నీ పైవీధి కుక్కలు రాత్రిళ్లు గూటి చుట్టూ తిరుగుతున్నాయని కూడా విన్నాను. దడి గట్టిగా కట్టించు. బెదిరిన బాతు వారాల తరబడి పెట్టదు.

సంక్రాంతికి ఇంకో ఇరవై ఖాకీ క్యాంప్‌బెల్ జాతి బాతు పిల్లలు తెస్తానన్నావట. తే, నాకు ఇష్టమే. అవి పెట్టడం మొదలుపెడితే మీ వీధికంతా గుడ్లు పంచవచ్చు. కానీ పాతవాటితో వెంటనే కలపకు, మూడు వారాలు విడిగా ఉంచు. బాతు ప్లేగు టీకా రెండు మూడు నెలల వయసులో వేయిస్తారు, మీ పశువైద్యశాలలో ఇప్పుడే అడిగి పెట్టుకో.

దాణా మార్చి, వెలుగు పెంచాక కూడా వెంటనే రావు, నెలన్నర ఓపిక పట్టు. ఈ లోపు ఏ బాతైనా తోక వేలాడేసి, ముక్కుతూ, గుడ్డు రాక అవస్థ పడితే మాత్రం ఆ రోజే మామునూరు పశువైద్య కళాశాలకు తీసుకుపో, తెల్లారేదాకా ఆగకు. వచ్చే ఆదివారం నేను వస్తున్నాను. ఎముకల మధ్య వేళ్లు ఎలా పెట్టాలో దగ్గరుండి చూపిస్తాను, అంతవరకు ఏ బాతునూ కోయనివ్వకు.

నీ పెద్దమ్మ