రీ: రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూలో బ్రౌజర్ హ్యాంగ్, రెండోసారి ఎస్డీ కార్డ్ పోయింది

రెండు ట్యాబ్‌లు తెరిస్తేనే బిగుసుకుపోతోంది అన్నారు కదా, అది మీ తప్పు కాదండి, ఆ చిన్న కంప్యూటర్ బోర్డులో ఉన్నదే 512 ఎంబీ ర్యామ్, పెంచుకునే దారి లేదు, ఇప్పటి వెబ్‌సైట్లు ఒక్కో ట్యాబ్‌కే అంత మింగేస్తున్నాయి. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు కార్డ్ మీద వాడుకునే చోటు) పెంచితే సరిపోతుందని ఎవరో చెప్పారన్నారు, వద్దు, కార్డ్ మీద రాతలు ఎక్కువై అదే ఇంకా తొందరగా పోతుంది.

కార్డ్ పాడవడానికి నా అనుమానం మాత్రం షట్‌డౌన్ చేయకుండా ప్లగ్ లాగేయడం మీదే. నేనూ మొదట్లో అలాగే పీకి రెండు కార్డులు పాడుచేసుకున్నా. టెర్మినల్‌లో "సుడో పవర్ఆఫ్" (షట్‌డౌన్ కమాండ్) కొట్టి, పచ్చ లైటు ఆరాకే తీయండి. పాత ఫోన్ చార్జర్ వాడుతుంటే అదీ మార్చండి, పెద్ద పై బోర్డుల్లో వోల్టేజ్ తగ్గితే స్క్రీన్ మీద మెరుపు గుర్తు వస్తుంది గానీ జీరోల్లో ఆ సర్క్యూటే లేదు, చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ అయిపోతుంది.

డెస్క్‌టాప్‌గా దాన్ని మర్చిపోండి. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో డెస్క్‌టాప్ లేని "లైట్" వెర్షన్ ఎక్కించి, మానిటర్ పీకేసి ఎస్ఎస్‌హెచ్‌లో (వేరే కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ ద్వారా కమాండ్లు ఇస్తూ) నడపండి, యాడ్స్ ఆపే పై-హోల్‌కో, టెంపరేచర్ సెన్సర్ లాగింగ్‌కో హాయిగా పనిచేస్తుంది. కార్డ్ మీద రాయాల్సిన పనేమీ లేకపోతే రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల టూల్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ (రాతలన్నీ కార్డ్‌కి బదులు ర్యామ్‌లోకి వెళ్లే పద్ధతి) ఆన్ చేయండి, ఇక కరెంటు పోయినా కార్డ్‌కి పెద్దగా భయం ఉండదు. లాగింగ్ పెడితే మాత్రం అది ఆన్ చేయొద్దు, రీబూట్‌కి రాసిందంతా పోతుంది.