పెట్టుబడిదారీ విధానం కార్మికులకు, పేదలకు న్యాయం చేస్తుందా?

దానంతట అది చేయదని నా సమాధానం. బంగ్లాదేశ్‌లోని రాణా ప్లాజా ఉదంతమే చూడండి.

ఢాకా దగ్గర సావార్‌లో ఉన్న ఆ ఎనిమిది అంతస్తుల భవనంలో 2013 ఏప్రిల్ 23న పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకును, దుకాణాలను మూసేశారు. పైన విదేశీ బ్రాండ్లకు బట్టలు కుట్టే కార్మికులను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు, రాకపోతే జీతం కోస్తామని బెదిరించారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఉదయం కరెంటు పోయింది, పై అంతస్తుల్లోని జనరేటర్లు మొదలయ్యాయి, కాసేపటికే భవనం కుప్పకూలింది. 1,100 మందికి పైగా చనిపోయారు.

ఉన్నది ఒకే భవనం, అవే పగుళ్లు. బ్యాంకు ఉద్యోగి ఇంటి దగ్గర ఉండగలిగాడు. నెల జీతం ఆగితే పొయ్యి వెలగని అమ్మాయి ఉండలేకపోయింది. పని ఒప్పందం ఇద్దరి ఇష్టంతోనే కుదురుతుందని వాదించేవారు ఈ తేడాను లెక్కలోకి తీసుకోరు.

ఆ బట్టల పరిశ్రమ లక్షలాది పల్లె మహిళల చేతికి సొంత సంపాదన ఇచ్చిన మాట నిజం, దాన్ని కాదనకూడదు. కానీ భద్రత మార్కెట్ పోటీతో రాలేదు. ప్రజాగ్రహం, కార్మిక సంఘాల ఒత్తిడి పెరిగాకే, ఆ మే నెలలో అనేక బ్రాండ్లు భవన భద్రత ఒప్పందంపై సంతకం చేశాయి. ఏడాది చివరికి బట్టల కార్మికుల కనీస వేతనం నెలకు 3,000 టాకాల నుంచి 5,300కు పెరిగింది. ప్రమాదమని నమ్మడానికి కారణముంటే, జీతం కోల్పోకుండా పనికి నిరాకరించే హక్కును కూడా ఆ భద్రత ఒప్పందంలో రాసుకున్నారు.