"వద్దు" తెగిపోతే?

ప్రశ్న: సార్, మేము కొందరు వాలంటీర్లం కలిసి పరుగు పందేలు నిర్వహిస్తాం. ఈమధ్య 12 వాకీటాకీలు కొన్నాం. పెట్టె మీద 10 కిలోమీటర్లని ఉంది. ఒక కిలోమీటరు దాటితే గరగర తప్ప ఏమీ వినపడదు. దగ్గరున్నవాళ్ల మాటలు కూడా సగం సగమే వస్తున్నాయి. ఇంకా పవర్ ఎక్కువున్న సెట్లు కొనాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే కొనకండమ్మా. ఖాళీ మైదానంలో కూడా దూరం రెట్టింపు కావాలంటే పవర్ కనీసం నాలుగింతలు కావాలి. పెట్టె మీది 10 కిలోమీటర్లు మధ్యలో ఏ అడ్డూ లేనప్పటి లెక్క. చెట్లు, కాంక్రీటు గోడలు, గుట్టలు దాన్ని తినేస్తాయి. డబ్బు ఖర్చు లేని మందు ఎత్తు. మీలో ఒకరిని మేడ మీదో గట్టు మీదో నిలబెట్టి, రెండు వైపుల మాటా అందించమనండి. సెట్ నడుముకి ఉంటే ఒళ్లే అడ్డం. మొహం దగ్గరికి తెచ్చి, యాంటెన్నా నిటారుగా ఉంచి మాట్లాడాలి. అయినా రాకపోతే రెండడుగులు పక్కకు జరిగి చూడండి. యూహెచ్‌ఎఫ్ (అతి ఎక్కువ ఫ్రీక్వెన్సీ) సెట్లలో తరంగం పొడవు మీటరు కన్నా తక్కువ కాబట్టి, ఆ కాస్త జరిగితేనే మాట తేటపడుతుంది.

ఇక సగం మాటల సంగతి. అది ఎక్కువగా బొటనవేలి తప్పు. బటన్ నొక్కగానే మాట్లాడితే మొదటి ముక్క పోతుంది, అవతలి సెట్ అందుకోవడానికి కొంచెం టైమ్ పడుతుంది. నొక్కి, ఒక్క సెకను ఆగి, అప్పుడు మాట్లాడండి.

నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం చివరి ముక్క. మన భాషలో అవునా కాదా అన్నది వాక్యం చివర్లోనే ఉంటుంది కదా! నేను వైర్‌లెస్ ఆపరేటర్‌గా కొత్తగా చేరినప్పుడు, జనం ఉన్నారని "గేటు తియ్యొద్దు" అన్నాను. హడావుడిలో మాట పూర్తి కాకముందే వేలు ఎత్తేశాను. అవతలి కుర్రాడికి "గేటు తియ్య్..." అన్నంతే వినపడింది. తీసేశాడు. లారీ లోపలికొచ్చి, జనానికి రెండు గజాల దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి నేను సెట్‌లో "వద్దు" అనను. "గేటు మూసే ఉంచు" అంటాను. సగం తెగినా "మూసే" మిగులుతుంది. మీరూ మీవాళ్లకి ఇదే అలవాటు చేయండి. చెప్పింది తిరిగి చెప్పించుకోండి కూడా.

అంకెలతోనూ జాగ్రత్త. గరగరలో ఇరవై, అరవై ఒకటే. "రెండు, సున్నా" అని విడివిడిగా చెప్పాలి. ముందు పిలవాల్సినవాళ్ల పేరు, తర్వాత మీ పేరు, ఆ తర్వాత విషయం, చివర "ఓవర్". మైకు నోటికి రెండంగుళాల దూరంలో ఉంచి మామూలు గొంతుతో మాట్లాడండి. అరిస్తే మాట పగిలిపోతుంది.

ఇద్దరు ఒకేసారి నొక్కినా మాటలు తెగుతాయి. నొక్కేముందు ఛానెల్ ఖాళీగా ఉందో లేదో వినండి. ప్రైవసీ కోడ్ పెట్టుకుంటే వేరేవాళ్ల మాటలు మీకు వినపడకపోవచ్చు, మీ మాటలు మాత్రం వాళ్లు వినగలరు. పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు అందులో చెప్పకండి.

పందెం మధ్యలో ఛానెలంతా ఒక్కసారిగా మూగబోతే కంగారుపడకుండా, ఎవరైనా సెట్ మీద కూర్చున్నారేమో చూడమనండి. ఒక్క బటన్ నొక్కుకుపోతే చాలు, మిగతా పదకొండు మందీ మాట్లాడలేరు.